నవాబు గారి లెక్క

సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వారి హైడ్రాలజీ పుస్తకాన్ని ఒకసారి అడిగి తీసుకుని చూడండి. వరద అంచనాల అధ్యాయంలో కొన్ని సూత్రాలు వరుసగా ఉంటాయి. డికెన్స్ సూత్రం, రైవ్స్ సూత్రం, ఇంగ్లిస్ సూత్రం. పేర్లన్నీ దొరలవే. వాటి మధ్యలో, లేదా చివర, ఇంకొక పేరు కనిపిస్తుంది. నవాబ్ జంగ్ బహదూర్ సూత్రం. హైదరాబాదు దక్కన్ ప్రాంతపు వాగులకు, నదులకు వర్తిస్తుందని కింద ఒక ముక్క రాసి ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రావచ్చునని పిల్లలు దానిని బట్టీ పడతారు. ఈ నవాబు ఎవరు, నవాబుకు వరద లెక్కలతో పని ఏమిటి అని అడిగిన విద్యార్థులు బహు తక్కువ. పుస్తకాలు అచ్చు వేసినవారు కూడా బిరుదు నిలిపి, మనిషి పేరును జారవిడిచారు.

ఆ మనిషి పేరు మీర్ అహ్మద్ అలీ. లోకానికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాంసాగర్ కట్టిన ఇంజనీరు అంటే తెలంగాణలో రైతు కూడా గుర్తుపడతాడు. మన ఉత్తరాంధ్ర వైపు, ముఖ్యంగా మన కుటుంబాలలోని పిల్లలకు ఆయన గురించి తెలిసింది తక్కువ గనుక ఈ వారం ఆయన జీవితాన్ని చెప్పుకుందాం.

అహ్మద్ అలీ 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టారు. తండ్రి మీర్ వాయిజ్ అలీ నిజాం ప్రభుత్వంలో ఉద్యోగి. జాగీరుల మీద బతికే కుటుంబం కాదు, కలం పట్టి జీతం తెచ్చుకునే కుటుంబం. నవాబు అనే మాట వినగానే మనకు పల్లకీలు, పావురాలు, ముషాయిరాలు గుర్తుకువస్తాయి. ఈయన నవాబుగా పుట్టలేదు. నవాబుగిరీ తరువాత, చేసిన పనికి ప్రతిఫలంగా వచ్చిన బిరుదు. ఆ తేడాను పాఠకులు గమనించాలి.

పిల్లవాడు సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులో, మదరసా-ఎ-ఆలియాలో చదివి, నిజాం కళాశాలలో చేరాడు. 1896లో, అంటే పందొమ్మిదేళ్ల వయసులో, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు సంపాదించి ఇంగ్లండు వెళ్లాడు. చేరినది లండనుకు దగ్గరలో కూపర్స్ హిల్ మీద ఉన్న రాయల్ ఇండియన్ ఇంజనీరింగు కాలేజీ. ఆ కాలేజీ కథ కూడా కొంచెం చెప్పాలి. హిందూదేశపు కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టడానికి కావలసిన ఇంజనీర్లను తయారు చేయడం కోసమే బ్రిటిషు ప్రభుత్వం 1871లో దానిని నెలకొల్పింది. ముప్పై అయిదేళ్లు నడిచి 1906లో మూతపడింది. అందులో చదివినవారిలో అత్యధికులు ఇంగ్లీషు కుర్రవాళ్లే. వారి మధ్య ఈ హైదరాబాదీ యువకుడు మూడేళ్లు చదివి, బహుమతులు గెలిచి, 1899లో కూపర్స్ హిల్ ఫెలోగా బయటికి వచ్చాడు. పేరు పక్కన ఎఫ్.సి.హెచ్. అనే మూడక్షరాలు జీవితాంతం ఉండిపోయాయి.

పందొమ్మిదేళ్ల కొడుకును ఓడ ఎక్కించి సముద్రాల అవతలికి పంపడం 1896లో చిన్న సంగతి కాదు. ఉత్తరం రావడానికే వారాలు పట్టే రోజులు. ఇంటికి దగ్గరలోనే ఏదో కచేరీలో గుమాస్తా ఉద్యోగం చూసుకుని, పెళ్లి చేసుకుని స్థిరపడటానికి ఆ కుర్రవాడికి అవకాశం లేకపోలేదు. ఇంట్లోవాళ్లు అలా పట్టుబట్టి ఉంటే తరువాతి కథ లేదు.

తిరిగి వచ్చిన అహ్మద్ అలీ 1899లోనే నిజాం ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో చేరారు. కింది మెట్టు నుంచి ఎక్కుతూ వెళ్లి 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. పందొమ్మిదేళ్లు పట్టింది. ఆ పందొమ్మిదేళ్ల మధ్యలో హైదరాబాదు నగరం మరచిపోలేని ఒక రోజు ఉంది. 1908 సెప్టెంబరు 28. ఆ రోజున మూసీ నది నగరాన్ని ముంచింది. వేల ప్రాణాలు పోయాయి. వంతెనలు తెగాయి. చింతచెట్టు కొమ్మలు పట్టుకుని బతికినవారి కథలు ఇప్పటికీ పాతబస్తీలో చెప్పుకుంటారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నిజాం ప్రభుత్వం సలహా అడిగింది. ఆయన లెక్క తీస్తే మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, ఆ వానకు వాటిలో 221 తెగాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులున్న ఏ ప్రాంతానికైనా ఇదే ప్రమాదం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రైతులకు దీనిని వివరించనక్కరలేదు.

విశ్వేశ్వరయ్య సలహా ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. హిమాయత్‌సాగర్ నాటికి చీఫ్ ఇంజనీరు అలీ నవాజ్ జంగే. వయసులో విశ్వేశ్వరయ్య ఆయనకన్నా పదహారేళ్లు పెద్ద. ఒకరు మైసూరు బ్రాహ్మణుడు, ఒకరు హైదరాబాదు ముస్లిం. ఇద్దరి పేర్లూ దక్కన్ నీటి చరిత్రలో పక్కపక్కనే వస్తాయి.

ఇక మొదట చెప్పిన ఆ సూత్రం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం లెక్కల్లోకి దిగక తప్పదు. పెద్దలు విసుక్కోకుండా చదవాలని, అర్థం కాకపోతే ఇంట్లో పిల్లలను అడగాలని మనవి.

నది మీద వంతెన కట్టాలన్నా, ఆనకట్ట కట్టాలన్నా ఇంజనీరు ముందుగా తెలుసుకోవలసింది ఒకటే. అత్యధికంగా ఎంత వరద వస్తుంది? తక్కువ అంచనా వేస్తే కట్ట తెగి ఊళ్లు పోతాయి. ఎక్కువ అంచనా వేస్తే ప్రజల డబ్బు వృథాగా రాళ్లపాలవుతుంది. ఆ రోజుల్లో నదుల్లో వరద కొలిచిన పాత రికార్డులు లేవు. ఉన్నదల్లా మ్యాపు. మ్యాపు చూసి ఆ నదిలోకి ఎంత మేర నేల మీది వాన నీరు వచ్చి చేరుతుందో, అంటే పరీవాహక ప్రాంతం విస్తీర్ణం ఎంతో తెలుసుకోవచ్చు. ఆ ఒక్క అంకె నుంచి వరదను ఊహించాలి. అందుకే ఈ సూత్రాలు పుట్టాయి.

విస్తీర్ణం పది రెట్లు పెరిగితే వరద కూడా పది రెట్లు పెరుగుతుందా? పెరగదు. చిన్న గెడ్డకైతే దాని నేలంతటి మీదా ఒకేసారి కుంభవృష్టి కురవవచ్చు. నీరంతా గంటలో వచ్చి పడుతుంది. పెద్ద నదికి అలా కాదు. ఒకచోట జోరుగా కురుస్తుంటే ఇంకొక చోట తెరపి ఇస్తుంది. ఎగువ నీరు చేరేసరికి దిగువ నీరు వెళ్లిపోతుంది. కనుక పెద్ద నదిలో ఎకరానికి వచ్చే వరద తగ్గుతుంది. ఉత్తర హిందూస్థానంలో డికెన్స్ దొర ఈ తగ్గుదలకు విస్తీర్ణాన్ని మూడు బై నాలుగు ఘాతానికి పెంచమన్నాడు. ఆ లెక్కన విస్తీర్ణం పదింతలైతే వరద అయిదున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీలో రైవ్స్ దొర రెండు బై మూడు అన్నాడు. ఆయన లెక్కలో వరద నాలుగున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. మన విజయనగరం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే గనుక ఇక్కడ నడిచింది రైవ్స్ లెక్క.

ఈ ఇద్దరూ ఘాతాంకాన్ని ఒకే అంకెగా బిగించారు. చిన్న వాగైనా, మహానది అయినా అదే అంకె. అలీ నవాజ్ జంగ్ పేరు మీదున్న సూత్రం అలా కాదు. అందులో ఘాతాంకమే కదులుతుంది. విస్తీర్ణపు లాగరిథం తీసి, దానిని పద్నాలుగుతో భాగించి, ఒకటి కన్నా కొంచెం తక్కువైన ఒక స్థిర సంఖ్య నుంచి తీసివేయాలి. వచ్చినదే ఘాతాంకం. ప్రాంతం పెద్దదయ్యే కొద్దీ అది దానంతట అదే చిన్నదవుతుంది. లాగరిథం తెలిసిన పిల్లలు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. విస్తీర్ణం పది నుంచి నూరుకు పెరిగినప్పుడు వరద ఎన్ని రెట్లు పెరిగిందో, నూరు నుంచి వెయ్యికి పెరిగినప్పుడు అందులో సుమారు 72 శాతం రెట్లే పెరుగుతుంది. వెయ్యి నుంచి పదివేలకు మళ్లీ దానిలో 72 శాతం. వాగుకూ నదికీ ఉన్న స్వభావ భేదాన్ని ఒక లాగరిథంతో పట్టుకున్న లెక్క ఇది.

ఇప్పటి ఇంజనీర్లు ఈ సూత్రం మీదనే ఆధారపడి ఆనకట్టలు కట్టరు. దశాబ్దాల వాన కొలతలు, యూనిట్ హైడ్రోగ్రాఫు, కంప్యూటరు నమూనాలు ఉన్నాయి. సరిపోల్చుకోవడానికి మాత్రం పాత సూత్రాలను చూస్తారు. ఆ సూత్రంలోని ఆలోచన మాత్రం పాతబడలేదు.

లెక్కలంటే భయపడే పిల్లలకు లాగరిథం ఎందుకు నేర్చుకోవాలో ఎవరూ చెప్పరు. పట్టిక చూసి అంకె రాయమంటారు. పది వేల ఎకరాల నేల మీద కురిసిన వాన ఏ రాత్రి ఏ ఊరి మీద పడుతుందో చెప్పే పనిలో లాగరిథానికి చోటుందని ఒక్క మాట చెబితే పిల్లవాడి కళ్లు వేరుగా వెలుగుతాయి. ఇది టీచర్ల మీద ఫిర్యాదు కాదు. సిలబస్సు వాళ్లను పరుగెత్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పవచ్చు.

ఇక నిజాంసాగర్. గోదావరిలో కలిసే మంజీర నది మీద, అప్పటి నిజామాబాదు జిల్లాలో, నేటి కామారెడ్డి జిల్లాలో, 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్ట పొడవు మూడు కిలోమీటర్లు. పైన మోటారు వెళ్లే దారి. నీటి నిల్వ మొదట్లో ఇరవై తొమ్మిది టీఎంసీలకు పైమాట. ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ప్రధాన కాలువ పొడవు 150 కిలోమీటర్లకు పైనే. ఆ కాలువ మీద నిజామాబాదు దగ్గర కట్టిన జలాశయానికి ఆయన పేరు మీదనే అలీసాగర్ అని పేరు పెట్టారు.

అంత పొడవైన కాలువ తీయడం అంటే ఏమిటో ఆలోచించండి. నీరు తనంతట తాను నడవాలి. వాలు ఎక్కువైతే కాలువ గట్లు కోసుకుపోతాయి. తక్కువైతే మట్టి దిగి పూడిపోతుంది. మైలుకు కొద్ది అంగుళాల వాలును నూరు మైళ్ల దాకా పట్టుకుపోవాలి. ఉపగ్రహాలు లేవు. మూడు కాళ్ల మీద నిలిపిన లెవెల్ యంత్రం, అంకెలు వేసిన స్టాఫు కర్ర, గొలుసు, నోటుపుస్తకం. ఎండలో రోజంతా నిలబడి చూసిన అంకెలను రాత్రి లాంతరు దగ్గర కూడుకోవాలి. ఒకచోట కూడిక తప్పితే పాతిక మైళ్ల అవతల నీరు ఎదురు నడవాలి. నీరు ఎదురు నడవదు.

ఆనకట్టకూ అంతే. నీటిలో లోతుకు పోయే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల లోతున చదరపు మీటరు మీద పది టన్నులు. కట్ట ఎత్తు రెండింతలైతే నీరు నెట్టే బలం నాలుగింతలవుతుంది. కట్టను పడదోసే మెలి ఎనిమిదింతలవుతుంది. అందుకే రాతికట్టకు పైన దారి వేసేటంత వెడల్పు చాలినా అడుగున అంతకు ఎన్నో రెట్లు కావాలి. పదవ తరగతి లెక్కలూ, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమూ వచ్చిన పిల్లలు ఈ సంగతిని తామే లెక్కగట్టి చూపగలరు.

నిజాంసాగర్ నీటితో నిజామాబాదు జిల్లా రూపు మారింది. వరి, చెరకు వచ్చాయి. చెరకు వచ్చింది గనుక 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు భూములు కొనుక్కుని వలస వెళ్లి కాలువల వెంట కాపురాలు పెట్టారు. వారు వెలయించిన ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. ఫ్యాక్టరీ 2015 చివరలో మూతపడింది గానీ కాలువలు ఉన్నాయి.

ఈ కథకు రెండో ముఖం కూడా ఉంది. దానిని దాచిపెట్టి పెద్దలను పొగడటం ఈ పేజీ పాఠకులకు మర్యాద చేసినట్టు కాదు. నిజాంసాగర్ కోసం సుమారు 40 ఊళ్లు ఖాళీ చేశారు. ఇళ్లు, పొలాలు, పెద్దల సమాధులు, గుళ్లు, మసీదులు నీటి కిందికి పోయిన కుటుంబాలకు ఆ సాగరం వేరే విధంగా గుర్తుంటుంది. రెండవది పూడిక. మంజీర ఎగువ నేలల నుంచి కొట్టుకొచ్చిన మట్టి జలాశయంలో దిగుతూ దిగుతూ, 1970ల నాటికి నిల్వ పన్నెండు టీఎంసీల లోపుకు పడిపోయింది. ఆ తరువాత నీటి మట్టాన్ని పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. కట్టినప్పుడు ఉన్న నిల్వ తిరిగి రాలేదు. పైగా 1980ల చివర ఎగువన సింగూరు కట్టాక హైదరాబాదు తాగునీటికి మంజీర నీరు అక్కడే ఆగడం మొదలైంది. ఒక ఇంజనీరు వేసిన లెక్క నలభై ఏళ్లలో ఇలా కదిలిపోయింది. పూడికను ముందే తగినంతగా ఊహించారా లేదా అన్నది చర్చించదగిన ప్రశ్న. ఎగువ అడవులు, దుక్కులు ఎలా మారతాయో ముందుగా చెప్పడం ఆనాటి విద్యకు అందని పని అని నా అభిప్రాయం. ఆ పని ఈనాటి పిల్లలది. నేలకోత, పూడిక, ఉపగ్రహ చిత్రాలు చూసి జలాశయం లోతు చెప్పడం, ఇవన్నీ ఇప్పుడు ప్రత్యేక శాస్త్రాలు. చేరడానికి ఖాళీలున్న శాస్త్రాలు.

ఇంత చదివాక మన ప్రాంతం గుర్తుకు రాకమానదు. రామతీర్థం అనగానే యాత్రికులకు కోదండరాముడి కొండ, గురుభక్తుల కొండ మీది బౌద్ధ శిథిలాలు గుర్తుకువస్తాయి. రైతులకు గుర్తుకువచ్చేది చంపావతి. తూర్పు కనుమల్లో పుట్టి, కోనాడ దగ్గర సముద్రంలో కలిసే ఈ చిన్న నది మీద నెల్లిమర్ల వైపు డెంకాడ ఆనకట్ట ఉంది. రామతీర్థం పేరుతోనే తారకరామతీర్థసాగరం పథకం తలపెట్టారు. గుర్ల మండలం కోటగండ్రేడు దగ్గర చంపావతి మీద బ్యారేజీ, కుమిలి దగ్గర జలాశయం. ఏళ్లకు ఏళ్లు సాగుతూ వచ్చిన పని అది. మంజీర లెక్కలో వచ్చిన ప్రశ్నలన్నీ చంపావతి లెక్కలోనూ ఉన్నాయి. ఎంత వరద వస్తుంది, ఎంత మట్టి దిగుతుంది, ఏ ఊరు మునుగుతుంది, ఏ ఊరికి నీరు అందుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన తుపానును మన జిల్లావాళ్లు ఎవరూ మరిచిపోలేదు. దానికి హుద్‌హుద్ అన్న పేరును సూచించినది ఒమన్ దేశం. సులైమాన్ ప్రవక్త వృత్తాంతంలో వార్త మోసుకొచ్చిన పక్షి పేరు అని మన ఇళ్లలో పిల్లలకు చెప్పుకున్నాం. ఆ తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా చెప్పి వేలమందిని కాపాడినది కూడా లెక్కలు వచ్చినవాళ్లే.

ఆ లెక్కలు వచ్చినవాళ్లలో మన పిల్లలు ఎంతమంది? పదవ తరగతి కాగానే మగపిల్లవాడిని మోటారు షెడ్డులోనో, బట్టల కొట్టులోనో పెట్టడం, లేదా గల్ఫు వీసా కోసం పాస్‌పోర్టు తీయించడం మన ఇళ్లలో సాధారణం. ఇంటి పరిస్థితి అలా ఉంటుంది, తప్పుపట్టలేం. కాని షెడ్డులో రెంచి పట్టుకున్న కుర్రవాడికి ఇంజను చప్పుడు విని లోపం చెప్పగల తెలివి ఉందంటే, వాడికి పాలిటెక్నిక్ డిప్లొమా చేయగల తెలివి కూడా ఉన్నట్టే. ఆడపిల్లల సంగతి ఇంకొక రకం. తొమ్మిది, పది తరగతుల్లో లెక్కల్లో ముందుండే పిల్లను ఇంటర్లో ఎం.పి.సి. వద్దు, దూరం పంపలేం అని ఆపేస్తారు. ఇప్పుడు విజయనగరంలోనే ఇంజనీరింగు కాలేజీలున్నాయి. 2007లో ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీ కూడా వచ్చింది. రామతీర్థం నుంచి గంట బస్సు ప్రయాణమైనా లేదు. అహ్మద్ అలీ ఎక్కిన ఓడతో పోలిస్తే ఈ బస్సు ఎంత దూరం?

ఇది దునియావీ చదువు, అది దీనీ చదువు అని గీత గీసేవారు కొందరున్నారు. వారితో వాదన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఆల్‌జీబ్రాకు పేరిచ్చిన అల్ ఖ్వారిజ్మీ తన పుస్తకంలో సుదీర్ఘ భాగాన్ని ఆస్తి పంపకాల లెక్కలకే కేటాయించాడని మాత్రం గుర్తు చేస్తాను. వారసులకు వాటాలు న్యాయంగా తేల్చాలంటే భిన్నాలు రావాలి. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు తేల్చాలంటే త్రికోణమితి రావాలి. మసీదు గోడ మీది కాలపట్టిక ఒక గణిత పత్రమే.

భాష విషయంలో కూడా ఒక ముచ్చట చెప్పాలి. సైన్సు ఇంగ్లీషులో ఉంటుంది, మనవాళ్లకు రాదు అనే నిరాశ ఒకటుంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. అందుకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. 1929లో అక్కడ ఇంజనీరింగు కాలేజీ కూడా తెరిచారు. అప్పటికి చీఫ్ ఇంజనీరు పదవిలో ఉన్నది అలీ నవాజ్ జంగే. తాను ఓడ ఎక్కి వెళ్లి నేర్చుకున్న విద్యను హైదరాబాదు కుర్రవాళ్లు ఇంటి నుంచి నడిచి వెళ్లి నేర్చుకునే రోజు ఆయన కళ్లముందే వచ్చింది. కూపర్స్ హిల్ మాత్రం అప్పటికి మూతపడి ఇరవై మూడేళ్లయింది.

నిజాంసాగర్ ఒక్కటే కాదు. ఖమ్మం వైపు వైరా, పాలేరు జలాశయాలు కూడా ఆయన హయాంలోనివే. పేరు రాష్ట్రం దాటింది. సింధు నది మీద సుక్కూరు బ్యారేజీ కడుతున్నప్పుడు, దాని సాంకేతిక, ఆర్థిక విషయాలను పరిశీలించడానికి 1929లో బొంబాయి ప్రభుత్వం ఇద్దరిని పిలిచింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండవవారు అలీ నవాజ్ జంగ్. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ జాతీయ ప్రణాళికా సంఘాన్ని వేసి, జవహర్‌లాల్ నెహ్రూను దానికి అధ్యక్షుణ్ణి చేసినప్పుడు, నదుల అదుపు, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షుడుగా ఈ నిజాం సంస్థానపు ఇంజనీరును ఎంచుకున్నారు. సంస్థానం వేరు, కాంగ్రెసు వేరు. రాజకీయంగా పొసగని రెండు శిబిరాలు. అయినా దేశపు నదుల గురించి ఆలోచించవలసి వచ్చినప్పుడు ఆయన దగ్గరికి వచ్చారు. విద్యకున్న ఈ చెల్లుబాటును గురించి పెద్ద పెద్ద మాటలు అవసరం లేదు.

తుంగభద్ర నీటిపై మద్రాసుతో జరిగిన దీర్ఘ చర్చల్లో హైదరాబాదు పక్షాన ఆయన పాల్గొన్నారు. 1944లో ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న నదికి అటు హైదరాబాదు గట్టున, ఇటు మద్రాసు గట్టున, ఒకే రోజు శంకుస్థాపనలు జరిగాయి. నీటి తగాదా అంటే ఆవేశం అనుకుంటాం. ఆ బల్ల దగ్గర కూర్చున్నవారి ముందున్నది క్యూసెక్కుల పట్టికలు. ఎవరి పట్టిక సరిగా ఉంటే వారి రైతు గెలుస్తాడు.

తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలవడాన్ని ఆయన చూడలేదు. 1949 డిసెంబరు 6న, డెబ్బై రెండేళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి హైదరాబాదు సంస్థానమే లేదు. ఏడాది క్రితమే అది భారతదేశంలో కలిసింది. రాజ్యాలు, బిరుదులు పోయాయి. దశాబ్దాల పాటు ఆయన పేరు ఇంజనీర్ల మధ్యనే మిగిలింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించారు. విశ్వేశ్వరయ్య పుట్టినరోజు సెప్టెంబరు 15 దేశమంతటికీ ఇంజనీర్ల దినం. రెండు నెలల వ్యవధిలో ఇద్దరినీ తలచుకుంటారు. హైదరాబాదు ఎర్రమంజిల్‌లోని జలసౌధలో అలీ నవాజ్ జంగ్ పేరిట ఒక మ్యూజియం ఉంది. నిజాంసాగర్ కాలువ నీరు ఇప్పటికీ అలీసాగర్‌కు చేరుతూనే ఉంది.